నేను మానేసిన ఆదివారం పాఠం

మొన్న ఆదివారం పొద్దున్నే మా మనవరాలు, అంటే మా అక్క కొడుకు కూతురు, సెల్లుఫోను బల్ల మీద పెట్టుకుని గట్టిగా పాఠం వింటోంది. పిల్ల ఇక్కడే శ్రీకాకుళంలో ఆసుపత్రి నర్సు. తాగుడు మాన్పించే వార్డులో వేస్తారట, అందుకని ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారాలు ఫోనులో ఆ చదువేదో చదువుతోంది. అరసవల్లి వైపు పోయే ఆటోల రొదలో నాకు సగం మాటలు వినపడవు, వినపడ్డా ఈ వయసులో నాకెందుకులే అని నా టీ నేను తాగుతున్నాను. ఇంతలో ఆ ఫోనులో ఎవరో పంతులమ్మ, ఏళ్ల తరబడి తాగినవాణ్ణి డాక్టరు కనిపెట్టి ఉండకుండా ఒక్కసారిగా మాన్పించకూడదు అంది. గ్లాసు కింద పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఎప్పుడూ ఏమీ రాదు, అదే నా రోగం.

నా ఈడు వాళ్లకి అరవయ్యో దశకం ఆఖరి రోజులు గుర్తుండే ఉంటాయి. మద్యనిషేధం కాగితం మీద ఉండేది, సారా మాత్రం గెడ్డ ఒడ్డున తుప్పల్లో హాయిగా కాగుతూ ఉండేది. చీపురుపల్లి అప్పటికి శ్రీకాకుళం జిల్లాలోదే. దానికి దగ్గరలో ఒక పల్లెకి నేను నర్సమ్మని. కాన్పులు చేయడం, టీకాలు పొడవడం, నా మాట విననివాళ్లని నాలుగు తిట్టడం నా ఉద్యోగం. అక్క అత్తవారిల్లు ఆ ఊళ్లోనే కాబట్టి అక్కడే ఉండేదాన్ని. ఆ రోజుల్లో విజయనగరంలో, ఉద్యోగం మానుకున్న ఒక ముసలి డాక్టరుగారు, నాలాంటి నర్సులకీ కాంపౌండర్లకీ పంతుళ్లకీ తాగుడు గురించీ నల్లమందు గురించీ ఆదివారం తరగతులు పెట్టారు. ఆరు నెలలు చదివి పరీక్ష రాస్తే సర్టిఫికెట్టు ఇస్తారు. సర్టిఫికెట్టు అన్న మాట చెవిన పడితే చాలు, నేను ఎంత దూరమైనా పోయేదాన్ని.

ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు! సెలవు రోజు ఖాళీగా ఉన్న బడిలో, పిల్లల బెంచీల మీద మోకాళ్లు ఇరికించుకుని పాతికమందిమి కూర్చునేవాళ్లం. డాక్టరుగారు ఎర్ర సుద్దతో నల్లబల్ల మీద కాలేయం బొమ్మ వేసి, దాన్ని మచ్చలు మచ్చలుగా చెరిపేస్తూ పాఠం చెప్పేవారు. ఒకసారి, పొలానికి పోయే తల్లులు పసిపిల్లలు నిద్రపోవాలని నల్లమందు నాకిస్తారే, అది ఎంత ప్రమాదమో గంటసేపు చెప్పి, మీలో ఎవరికైనా చిన్నప్పుడు పెట్టారా అని అడిగితే, ఒక్కొక్కరే సిగ్గుపడుతూ చేతులెత్తాం. చివరికి చూస్తే అందరి చేతులూ పైనే! ఆవగింజంత పెట్టేదాన్నని మా అమ్మ ఎంత గర్వంగా చెప్పేదో. డాక్టరుగారు మమ్మల్నందర్నీ చూసి, తన చెయ్యి కూడా మెల్లిగా ఎత్తారు. అందరం నవ్విన ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఈ చదువుకి నన్ను ప్రతి ఆదివారం సైకిలు మీద చీపురుపల్లి స్టేషనుకి దింపింది మా బావ. అదే విడ్డూరం, ఎందుకంటే ఊళ్లో మొదటి నంబరు తాగుబోతు ఆయనే. మంచి రైతు, పశువుకి కూడా చెయ్యెత్తని మనిషి. అయినా పొద్దున్నే ఒక గుక్క పడితే గాని సైకిలు హ్యాండిలు చేతుల్లో నిలిచేది కాదు. నేను వెనక కూర్చుని ముక్కు మూసుకుంటే పకపకా నవ్వేవాడు.

"నా మీద సదువుకుంతన్నావు, ఫీజు నాకియ్యాల నువ్వు. ఏటంతావే మరదలా?"

పొద్దుటి వణుకు గురించి డాక్టరుగారు రెండో వారమే చెప్పారు, అది ముదిరిన తాగుడుకి గుర్తు అని. నేను పుస్తకంలో రాసుకుని, ఇంటికొచ్చి బావ చేతులు చూసి, సరిగ్గా పోల్చుకున్నానని మురిసిపోయాను. ఎంత తెలివితక్కువ మురిపెమో చూడండి.

ఆ ఏడు ఉబాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, బావ తాగి, దమ్ము చేసిన మడిలో బోర్లా పడిపోయాడు. పక్క పొలం వాళ్లు జుట్టు పట్టి లేపకపోతే ఆ బురదలోనే ఊపిరి పోయేది. అక్కకి అప్పుడు ఏడో నెల. ఏడవలేదు, అరవలేదు. ఆయన ఒంటి మీది బురద కడిగి, నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"నువ్వు సదువుతన్నావు కదే, ఏటి సేత్తే మానతాడో సెప్పు. పిల్లడు పుట్టేతలికి నాకీ మనిసి కావాల."

ఇంతవరకే అడిగింది. నాకు తెలియదు, వచ్చే వారం డాక్టరుగారిని అడిగి చెబుతాను అంటే ఏం పోయేది? సగం చదువు చదివినదాన్ని, తెలియదు అనడానికి నోరు రాలేదు. కొంచెం కొంచెం తగ్గిస్తానంటే ఎవడూ మానడు, మానితే ఒక్క రోజున మానాలి, అరసవల్లి తీసుకుపోయి స్వామి ఎదుట ఒట్టు వేయిద్దాం అన్నాను. మా వైపు ఆ ఒట్టంటే ఆషామాషీ కాదు. సూర్యనారాయణస్వామి ఎదుట వేసిన ఒట్టు తప్పితే కళ్లు తీసుకుంటాడని అందరి నమ్మకం. అమావాస్యకీ అబద్ధానికీ భయపడని మా బావకి ఆ ఒక్క భయం ఉండేది.

ఒట్టుకి ఆదివారమే మంచిది. అందుకని ఆ ఒక్క ఆదివారం తరగతి మానేశాను. ప్రతి వారం విజయనగరం వైపు పోయే బండి ఎక్కేదాన్ని, ఆ రోజు ఎదురు వైపు బండి ఎక్కి, ముగ్గురం ఆముదాలవలసలో దిగి, జట్కాలో అరసవల్లి చేరాం. బావ తలనీలాలిచ్చి, వెలుగుతున్న కర్పూరం మీద చెయ్యి చాచి, ఈ క్షణం నుంచి చుక్క ముట్టనన్నాడు. ఆ గుండుతో నా వైపు తిరిగి, నీ సదువుకి ఇంక పనిలేదే మరదలా అని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆమె అలా నవ్వగా చూడడం నాకదే ఆఖరు.

మర్నాడు వణుకు మొదలైంది. చెమట్లకి పంచె తడిసిపోయింది, అన్నం ముద్ద నోటిదాకా పోలేదు. సాయంత్రం అక్క చోడి అంబలి కాచడానికి లోపలికి వెళ్లినప్పుడు బావ నన్ను పిలిచాడు.

"మరదలా, సేతులు ఆగట్లేదే. గుండె దడదడలాడతన్నాది. మందునాగ ఒక్క గుక్క తాగితే ఒట్టు పోద్దేటి?"

"స్వామి సూత్తన్నాడు బావా," అన్నాను, ఎప్పటి వేళాకోళమే. ఆయన మరి అడగలేదు. రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని, అలాగేలే అన్నట్టు తలాడించాడు.

మంగళవారం మూర్ఛ వచ్చింది. తేరుకున్నాక అక్కని గుర్తుపట్టలేదు. గోడ నిండా పురుగులు పాకుతున్నాయని చేత్తో దులపడం మొదలెట్టాడు. ఊరంతా గుమ్మంలో చేరింది. లేనివి చూస్తున్నాడు, ఉన్నవాళ్లని చూడలేకపోతున్నాడు, దొంగతనంగా తాగి ఒట్టు తప్పాడు, స్వామి కళ్లు తీసుకున్నాడు అన్నారు. నేను జ్వరానికి మాత్ర వేశాను. నాకు తెలిసింది అదొక్కటే. బుధవారం పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ, చీపురుపల్లి ఆసుపత్రికి తీసుకుపోదామని బండికి ఎద్దుల్ని కడుతుండగా పోయాడు.

మైల వల్ల ఇంకో ఆదివారం పోయింది. కర్మలన్నీ అయ్యాక స్టేషనుకి నడుచుకుంటూ వెళ్లి బండి ఎక్కాను. ఎందుకు వెళ్లానో అడగకండి, ఇంట్లో అక్క ఎదురుగా కూర్చోవడం కంటే అదే తేలిక అనిపించింది. పోయిన పాఠాలు ఎక్కించుకుందామని పక్క బెంచీ పంతులమ్మ పుస్తకం అడిగి తీసుకున్నాను. నేను అరసవల్లిలో ఉన్న ఆదివారం తారీఖు కింద ఇలా ఉంది. ఏళ్ల తరబడి తాగినవాణ్ణి ఒక్కసారిగా మాన్పించరాదు. వణుకు, చెమట, మూర్ఛ, లేనివి కనపడడం, ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆమె ఆకుపచ్చ సిరాతో రాసుకుంది. నేను ఒక్క కొట్టివేత లేకుండా అంతా ఎక్కించుకుని, పుస్తకం తిరిగిచ్చి, థాంక్స్ చెప్పి, స్టేషను బల్ల మీద కూర్చుని తెచ్చుకున్న పెరుగన్నం మొత్తం తిన్నాను. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నాకు నూటికి నూరు వేశారు.

అక్కకి చెప్పలేదు. చెప్పాలంటే, ఒక్క రోజున మానాలన్నది నేనే అని, ఆయన అడిగిన గుక్క వద్దన్నది నేనే అని కూడా చెప్పాలి కదా. నన్నూ మోసం చేశాడు, స్వామినీ మోసం చేశాడు అని ఆమె బతికినన్నాళ్లూ ఆయన మీద కోపం పెట్టుకుంది. కొడుకు పుట్టినా వాడికి తండ్రి పేరు పెట్టలేదు, ఆయన ఫొటోకి దండ వేయలేదు. ఆ కోపం చాటున నేను హాయిగా ఉద్యోగం చేసుకున్నాను. తప్పు చేశానని తెలుసు, ఎన్నోసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. అక్క పోయి పదేళ్లవుతోంది.

మొన్న గ్లాసు కింద పెట్టాక మనవరాలు నా మొహం చూసి ఫోను ఆపింది. చెప్పేశాను. పైన రాసిందంతా, ఏదీ దాచకుండా.

"మరి తాత ఒట్టు తప్పి పోయాడని మామ్మ అనేది కదా, చిన్నమామ్మా?"

"తప్పలేదే. చుక్క ముట్టలేదు. అందుకే పోయాడు."

పిల్ల, మామ్మకి ఇది తెలుసా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. నన్ను తిడుతుందేమోనని చూశాను, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ కాలం చదువులు నాకు అట్టే తెలియవు. బెంచీలు లేవు, ఎర్ర సుద్ద లేదు, తెల్లారకుండా సైకిలు తొక్కి దింపేవాళ్లు అక్కర్లేదు. కానీ ఒక వారం తరగతి పోతే ఏం చేస్తావే అని అడిగితే, ఏముంది చిన్నమామ్మా, మళ్లీ పెట్టుకుని వింటాను అంది. పెట్టమన్నాను. వేలితో ఏదో నొక్కి పాఠాన్ని మొదటికి తీసుకొచ్చింది. నేను కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, ఆ ఆదివారం వినాల్సిన పాఠం చివరిదాకా విన్నాను.