రొట్టెల అక్క మొదటి ముద్ద

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం, సిగ్గు ఇంకో కారణం. సిగ్గు సంగతి తర్వాత చెబుతాను. మొన్నొక పొద్దున టీ బంకు దగ్గర ఎవరో, "రొట్టెల అక్క పోయిందంట పెద్దాయనా, నిద్రలోనే" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "నీకెవరు చెప్పినారు?" అని అడిగాను. చావు కబురు కూడా ఒక పట్టాన నమ్మని మనిషిని నేను.

అక్క నాకు తోడబుట్టింది కాదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా, రేకుల కొట్టంలో, ముప్పై ఏళ్ళకు పైగా సజ్జ రొట్టెలు, ఉలవచారు అమ్మిన మనిషి. పలకలు కోసేవాళ్ళకూ ఆఫీసర్లకూ ఒకటే అక్క. మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. ఆమె నన్ను తమ్ముడా అనడంతో ఆ లెక్క తేలిపోయింది.

నా చదువు రెండో తరగతిలో ఆగింది. మిగతాది అక్క రొట్టెలు చుట్టిచ్చిన పాత పేపర్లలో పూర్తిచేశాను. ఒక వార్తకు మొదలు దొరికితే చివర దొరికేది కాదు. ఏ సంగతినీ పూర్తిగా నమ్మకపోవడం అక్కడే అలవాటైంది. సరే, అక్క సంగతి.

కుండ దించగానే ఒక రొట్టె ముక్క, రెండు గరిటెల చారు వేరే పళ్ళెంలో వేసుకుని, వచ్చినవాళ్ళందరి ఎదుటా నిలబడి తినేది. చెయ్యి కడుక్కున్నాకే వడ్డన. మొదట్లో జనం మొహం చిట్లించారు. మన వైపు వండిన ఆడమనిషి చివర్న తినాలి గదా. ఒక మేస్త్రీ అడగనే అడిగాడు.

"ఏందక్కా, మాకు పెట్టకముందే నువ్వు తింటాండావ్?"

"నేను తినంది నీకెట్ల పెట్టేది నాయనా? నాకేమన్నా అయితే నువ్వు లేచి పో."

వండినోళ్ళు కూచోని తిననిది వంట కాదు, సరుకు అనేది. నా భార్య చనిపోయిన ఏడాది నేను తలొంచుకుని ఆ దారిన పోతుంటే పిలిచి, పళ్ళెం చేతిలో పెట్టింది. నేను కదల్లేదు. నా పళ్ళెంలోంచే ఒక ముక్క తుంచుకుని తిని, "ఇంక తిను" అంది. ఆ ఏడాదంతా నేను బతికింది ఆ కొట్టంలోనే.

పోయినేడు కంభం రోడ్డులో అద్దాల హోటలు వచ్చింది. ఫైన్ డైనింగ్ అట. ఈమధ్య మా అల్లుడు తీసుకుపోయాడు. లోపల దీపాలు మసకగా ఉన్నాయి. తినేది కనపడకుండా చెయ్యడంలో వాళ్ళ ఉద్దేశమేమిటో నాకిప్పటికీ అనుమానమే. తిండి పలక మీద తెచ్చారు. మన ఊరి నల్లపలకే. దాని మీద అరచేతిలో సగం రొట్టె, బొటనవేలు పట్టేంత గిన్నెలో ఉలవచారు. చిన్నప్పుడు ఉమ్మేసి మోచేత్తో తుడిచిన వస్తువు మీద తినడమేమిటి? పైగా పలక కనపడగానే అలవాటుకొద్దీ కళ్ళకద్దుకోబోయాను. అల్లుడు చెయ్యి పట్టుకున్నాడు.

అయినా తిన్నాను. మొదటి ముద్దకే గిన్నె ఎత్తి వాసన చూశాను. అక్క చారు దించేముందు నిప్పుల మీద కాల్చిన ఉల్లిపాయ చేత్తో నలిపి వేసేది. ఊళ్ళో ఇంకెవరూ వెయ్యరు. ఆ కాలిన వాసన ఈ చారులో ఉంది.

ఆ వారమే, మధ్యాహ్నం పూట, అక్క ఆ హోటలు వెనక తలుపులోంచి లోపలికి పోవడం చూశాను. మర్నాడు కొట్టానికి పోయి అడిగాను.

"అక్కా, ఆడికెందుకు పోతాండావ్?"

"తినేదానికి."

"అరచేతిలో సగం రొట్టె తినేదానికి అంత దూరమా?"

"చెప్తే నమ్ముతావా తమ్ముడా? ఉప్పు కూడా నాలిక మీద ఏసుకోని కొనేవాడివి నువ్వు."

"చారు గుట్టు వాళ్ళకిచ్చేసినావు. మాకొక మాట చెప్పకపోతివి."

ఆమె రొట్టె తిరగేసింది. నేను లేచి వచ్చేశాను. ఆమె పోయేదాకా, రెండు నెలలు, అటు పోలేదు. మధ్యలో ఒకసారి, "పుల్లలచెరువు నుంచి కొత్త ఉలవలు వచ్చినాయి, రమ్మను" అని కబురు పంపింది. నన్ను మంచి చేసుకోవడానికే అనుకుని పోలేదు. నేను చెప్పిన సిగ్గు ఇదే.

పెద్దకర్మ ఆమె కొట్టం ముందే చేశారు. అద్దాల హోటలు వంటాయన చారు కుండతో, రొట్టెల గంపతో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. హోటలు గొప్పకు ఫోటోలు తీసుకోవడానికి వచ్చాడనుకుని దగ్గరికి పోయాను.

"ఆమెను మీ దగ్గర వంటకు పెట్టుకున్నారా?"

"లేదు పెద్దాయనా. పెద్దమ్మ ఒక్కరోజు కూడా వండలేదు. తినేదానికి వచ్చి, వంటింట్లోకి వచ్చి, 'నువ్వు తిన్నావా ఇది?' అని అడిగింది. మేము చెంచాతో ఉప్పు చూస్తాం, అంతే. ఆ పొద్దు నుంచి రోజూ వచ్చి స్టూలు ఏసుకోని కూచునేది. నేను తినేదాకా లేచేది కాదు. నాతో పాటు తినేది."

"మరి ఆ ఉల్లిపాయ?"

"నా చారు నాకే మింగుడు పడలేదు. అప్పుడు చెప్పింది, ఉల్లిపాయ కాల్చి ఎయ్యమని."

నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయాను. అప్పటికే పంక్తి కూర్చుంటున్నారు. నేనూ కూర్చున్నాను. అతను కుండ మూత తీశాడు. ఒక రొట్టె ముక్క, రెండు గరిటెల చారు పళ్ళెంలో వేసుకుని, మా అందరి ఎదుటా నిలబడి తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత నా విస్తట్లో వడ్డించాడు.