మోకాలు దాటని వెలుతురు

మా బాబాయి టార్చి వెలుగు మనిషి మోకాలు దాటి పైకి పోదు. ఇంకెవరిదైనా పోతే ఆయన ఊరుకోడు. సినిమా హాల్లో చీకట్లో టార్చి వేసి జనానికి సీట్లు చూపించి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు.

ఇంట్లో కరెంటు పోతే చాలు, మమ్మల్ని భోజనాల బల్ల దగ్గరికి వరసగా నడిపించేవాడు. "జరగండి, జరగండి. ఆ మూలది ఖాళీ. కాళ్ళు ముడుచుకోండి, వెనకవాళ్ళు వెళ్ళాలి." ఒకసారి దొంగ వస్తే వాడికీ పాదాల మీదే లైటు వేసి, "గడప జాగ్రత్త" అని చెప్పి మరీ పంపించాడు. పోలీసులు మొహం ఎలా ఉందని అడిగితే మడమల పగుళ్ళు వర్ణించాడు. "మొహం మీద లైటు వెయ్యడం మర్యాద కాదండీ" అనేసరికి ఎస్సై తెరిచిన నోరు మూయలేదు.

ఇలాంటి మనిషి పిన్నికి కొండ మీద సూర్యోదయం చూపిస్తానంటే నేను బిత్తరపోయాను. పిన్ని అటక మీది డబ్బా కోసం స్టూలెక్కితే దించడానికి ఇద్దరం కావాలి. ఎత్తంటే అంత భయం. కానీ పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ కోరిక అదొక్కటే. మోకాళ్ళు అరిగిపోతున్నాయి, ఎక్కితే ఇప్పుడే ఎక్కమని డాక్టరు చెప్పేశాడు.

"ఏం భయం లేదే, మన వీధంత సాఫీగా ఉంటుంది దారి," అన్నాడు బాబాయి.

తెల్లవారుజామున బయల్దేరాం. నుదుటికి కట్టుకునే కొత్త లైటు వెలిగించి నేను ఆయన వైపు తిరిగానో లేదో, ఒకటే కేక.

"ఆపరా! కళ్ళు పోయాయి! మళ్ళీ చీకటి అలవాటయ్యేదాకా కదలకు."

నిలబెట్టేశాడు. నిజంగానే కాసేపటికి రాళ్ళూ పొదలూ వాటంతటవే కనిపించసాగాయి. నా లైటుకి ఎర్ర కాగితం చుట్టి, నేలకి వంచి, "నీ ముందడుగు వరకే. అంతకు మించి నీకనవసరం" అన్నాడు. తను పిన్నికి అరడుగు వెనకగా, పక్కనే నడుస్తూ, ఆవిడ పాదాల ముందు అరచేయంత వెలుగు పరిచాడు. "రాయి... ఆ, దాటావు. కుడికి ఒత్తుకో."

ఒక మలుపులో నాకు ఒళ్ళు మండి, కాగితం పీకేసి తలెత్తాను. నాకేమైనా కనిపించేలోపే బాబాయి అరచెయ్యి నా నుదుటి మీద పడింది. "బుద్ధుందా?" అని ఆయన కసిరిన తీరుకి గబగబా మళ్ళీ కాగితం చుట్టేశాను.

కొండ మీద సూర్యుడు వచ్చాడు. పిన్ని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నేను దారిలో జారిపోయిన నీళ్ళ సీసా కోసం కాస్త వెనక్కి దిగి, అక్కడే కూలబడ్డాను. మేం వచ్చిన దారి మంచమంత వెడల్పు. ఎక్కేటప్పుడు కుడి పక్క బండ. ఎడమ పక్క ఏమీ లేదు. ఏమీ లేదంటే ఏమీ లేదు! ఎక్కడో కింద చెట్ల చిటారు కొమ్మలు. అంచు వెంట ఇసుకలో బాబాయి చెప్పుల గుర్తులు, బండ వైపు పిన్నివి.

పరుగెత్తుకుంటూ పైకొచ్చాను. "బాబాయ్! ఆ లోయ..."

"ష్! పిన్ని వింటుంది."

"తెలిసే తీసుకొచ్చావా?"

"వెలుగులో తెస్తే మొదటి మలుపులోనే కూర్చుండిపోయేది. చూడకుండానే పోయేదిరా."

"మరి దిగేదెలా?"

"అవతల జీపు దారుంది. తెల్లారితే గానీ జీపులు వదలరు."

ఆయన జీపు మాట్లాడ్డానికి వెళ్ళగానే పిన్ని నా పక్కన చేరింది.

"ఇందాక నీ లైటు పైకి లేచిందే, అప్పుడే చూశాను లోయ."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "మరి అరవలేదేం పిన్నీ?"

"అరుద్దామనే నోరు తెరిచాను. ఇంతలో మీ బాబాయి కాళ్ళు కనిపించాయి. గడగడా వణుకుతున్నాయి. నేనూ అరిస్తే ఆయన్నెవరు పైకి తెస్తారు? చెయ్యి గట్టిగా పట్టుకుని తీసుకొచ్చేశాను. చెప్పకు, నొచ్చుకుంటాడు."

"బాబాయికి భయమా!"

"నాకంటే ఎక్కువరా. అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కరోజైనా బాల్కనీ డ్యూటీ చేశాడేమో అడుగు."