మూగరాయి

సుభానీతో రాయి మాట్లాడుతుంది. మార్టూరులో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా పలకలు కోసి, అంచులు అరగదీస్తున్న మనిషి అతను. కొత్త పలక రాగానే వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించి వింటాడు. ఖంగున పలికితే మంచి రాయి. చప్పుడు లోపలే మింగేసినట్టు మొద్దుగా వస్తే దానికి 'మూగది' అని పేరు. పైకి ఎంత నున్నగా ఉన్నా లోపల ఎక్కడో చెడిందన్నమాట. సుభానీ మూగదన్న రాయిని ఓనరు కూడా మారుమాట్లాడకుండా పక్కన పెట్టించేవాడు.

ఆ విద్యే డిసెంబరులో అతని గుండె జారేలా చేసింది. ఎవరికీ చెప్పకుండా గుంటూరు వెళ్లి డాక్టరుకు చూపించుకున్నాడు. ఆయన సుభానీ వీపు మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద కొట్టుకుంటూ కిందికి వచ్చాడు. తర్వాత ఎక్స్‌రే చూపించి, ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుంది, ఇక ఆ దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు. సుభానీకి అది అప్పటికే పాత కబురు. కుడిపక్క మూగదని ఆ వేలి దెబ్బల్లోనే అతను విననే విన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు. అతని భార్య నసీమున్నీసా తండ్రి మాబు సాహెబ్ క్వారీలో రాళ్లు కొట్టి కొట్టి, నలభై ఆరేళ్లకే దగ్గుతూ పోయాడు. రాళ్ల పనివాణ్ణి చేసుకోనని ఆమె భీష్మించుకు కూర్చుంటే, మూడేళ్లు చేసి మానేస్తానని మాటిచ్చి పెళ్లాడాడు సుభానీ. ఆ మూడూ పద్నాలుగయ్యాయి. మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడు, మళ్లీ పొద్దున్నే మొహానికి తువ్వాలు చుట్టుకుని పనిలోకి పోయేవాడు. అది మొండితనమో భయమో అతనికే తెలియదు. మగవాళ్లలో ఆ రెంటికీ పెద్ద తేడా ఉండదు.

మార్చిలో ఒక ఆదివారం, పదేళ్ల కూతురు షిరీన్ పోరు పడలేక ప్రయాణం పెట్టుకున్నారు. నసీమున్నీసా తమ్ముడు ఇషాక్‌కు సొంత ట్యాక్సీ ఉంది. బళ్లో రెడ్డిరాజుల పాఠం విన్నప్పటి నుంచి పిల్లకు కొండవీడు కోట మీదే ధ్యాస. సుభానీ మాత్రం ముందు అమరావతి, తిరుగుదారిలో కోట అన్నాడు. స్థూపం దగ్గర అంతా చదునే. అక్కడే పొద్దుపోతే కొండెక్కే గండం తప్పుతుందని అతని ఎత్తు.

దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చిలకలూరిపేట దాటగానే ఘాటు కారులోకి కొట్టింది. ఇషాక్ తుమ్మాడు, షిరీన్ దగ్గింది, నసీమున్నీసా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సుభానీ మూడు నెలల తర్వాత మొదటిసారి దాచుకోకుండా, కడుపారా దగ్గాడు.

"పాడు ఘాటు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. నసీమున్నీసా అతని వంక ఒకసారి చూసి కారు అద్దం ఎక్కించింది.

అమరావతిలో స్థూపం దగ్గర ఒక పాత రాతికంబాన్ని వేలితో కొట్టి, కూతురి చేత కూడా కొట్టించాడు.

"ఇన్నావా? రెండువేల ఏళ్ల నాటిది, ఇంకా పలుకుతానే ఉంది."

"మూగదైతే ఎట్టా ఉంటది నాన్నా?"

పక్కనే బీటవారిన పలక మీద కొట్టి చూపించాడు. కాపలా మనిషి "తాకకూడదండీ" అంటూ వచ్చేదాకా తండ్రీకూతుళ్లకు అదే ఆట. భోజనాలయ్యాక, ఎండ ముదిరింది, కోట ఇంకోసారి చూద్దాంలే అన్నాడు సుభానీ. పిల్ల మొహం చిన్నబోయింది.

"ఘాట్ రోడ్డుందిగా బావా, పైదాకా కారే పోద్ది," అన్నాడు ఇషాక్. ఇక సుభానీకి కారెక్కక తప్పలేదు.

కారు పైదాకా పోయింది. బురుజు దగ్గరికి మాత్రం మెట్లెక్కాలి. దొంగకు తేలు కుట్టినట్టు పళ్లు బిగించి ఇరవై మెట్లెక్కాడు, తర్వాత కూలబడ్డాడు. దగ్గు తెరలు తెరలుగా తన్నుకొచ్చింది. కొండమీద గాలి చల్లగా, శుభ్రంగా ఉంది.

"ఘాటు..." అనబోయాడు.

"ఇక్కడ మిరపకాయలెక్కడున్నాయయ్యా?" అంది నసీమున్నీసా.

షిరీన్ వెనక చేరి తండ్రి వీపు నిమిరింది. దగ్గు కాస్త నెమ్మదించాక పొద్దుటి ఆట గుర్తొచ్చింది కాబోలు, చెవి ఆనించి వేలి కణుపుతో ఎడమపక్క కొట్టింది, కుడిపక్క కొట్టింది.

"అమ్మా, ఇటుపక్క పలకట్లా. మూగది," అంది నవ్వుతూ.

నసీమున్నీసా నవ్వలేదు. పిల్లను పక్కకు జరిపి తానే అక్కడ చెవి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"దీని వయసులో మా నాన్న వీపు మీద చెవి పెట్టుకుని పడుకునేదాన్ని," అంది. "ఇదే చప్పుడు. డాక్టరేమన్నాడు?"

వెళ్లావా అని అడగలేదు. ఏమన్నాడనే అడిగింది. ఇక దాచడానికి ఏముంది?

"దుమ్ములోకి పోవద్దన్నాడు. డిసెంబర్లో."

"ఇది మార్చి," అంది. కన్నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు. "రాయి మూగదని తెలిస్తే ఏం చేస్తావు నువ్వు?"

"పక్కన పెట్టిస్తా. మిషనెక్కనియ్యను."

ఆమె అతని జేబులోంచి ఫోను తీసి చేతిలో పెట్టింది. సుభానీ ఫ్యాక్టరీ మేస్త్రికి ఫోను చేసి, రేపటి నుంచి రానన్నాడు. అదేందయ్యా ఉన్నపళంగా, అని కసిరాడు మేస్త్రి.

సుభానీ భార్య మొహంలోకి చూస్తూ జవాబు చెప్పాడు. "మూడేళ్లే చేస్తానని మాటిచ్చా మేస్త్రీ. అయిపోయినయ్."