పాతది దాచారా?

వాసిం పోయి నాలుగు నెలలైంది. సంతాప సభలో మా కాలేజీల మేనేజరు వెంకటరాఘవయ్య అతని పనిలోని వేగాన్ని పొగిడాడు.

వాసింది తెనాలి. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, ఇతను కంప్యూటర్లు. డిగ్రీ లేదు. చేతిలో పని చెడదన్న పేరొక్కటే అతని సర్టిఫికెట్టు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని మా మూడు కాలేజీల సర్వర్లూ అతనొక్కడే చూసేవాడు.

2006 వేసవిలో వాటన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాల్సి వచ్చింది. కంపెనీ సీడీలతో ఒక్కోదానికీ ఒక పూట పట్టేది. అడుగడుగునా ఏదో అడిగేది, మనిషి ఎదురుగా కూర్చుని జవాబు కొట్టాలి. వాసిం ఆ సీడీలనూ, తర్వాత వచ్చిన సవరణలనూ, మా మిషన్లకు కావలసిన డ్రైవర్ ప్రోగ్రాములనూ కలిపి ఒకే డీవీడీ చేశాడు. జవాబులు కూడా అందులోనే రాసిపెట్టాడు. లోపల పెట్టి వదిలేస్తే నలభై నిమిషాల్లో పని అయిపోయేది.

ఒక్క ప్రశ్న మాత్రం ఉంచాడు. పాత డిస్కు చెరిపే ముందు, అందులోని వివరాలు వేరేచోట కాపీ చేశారా అని. గుమస్తాలకు అర్థమయ్యేలా ఎలా అడగాలని తెలుగు పాఠాలు చెప్పే నన్ను అడిగాడు. ‘పాతది దాచారా?’ అని పెట్టమన్నాను. పొట్టిగా కుదిరిందని మురిశాను కూడా.

బాపట్ల గుమస్తా మంగాయమ్మ ఆ ప్రశ్న చూసి, “దాచానండి, బీరువాలో పెట్టి తాళం కూడా వేశా,” అంది. ఆవిడ దాచింది పాత సీడీల డబ్బా. వాసిం పక్కనే ఉండబట్టి సరిపోయింది.

“మీ మాట బీరువాలోకి పోయింది సార్,” అని నవ్వి, అతను మర్నాడే ఇంకో డీవీడీ చేశాడు. ఎంతమంది విద్యార్థుల వివరాలు కాపీ అయ్యాయో చూసి ఆ అంకె కొడితేనే అది ముందుకు కదిలేది. దానికి మరో అరగంట.

ఆ అరగంట వెంకటరాఘవయ్యకు పడలేదు. తనిఖీవాళ్లు వచ్చేలోగా రేపల్లె అయిపోవాలి, అంకె తీసెయ్యమన్నాడు.

“తీస్తే నేను చెయ్యనండి,” అన్నాడు వాసిం.

మేనేజరు అతని సొరుగులోంచి మొదటి డీవీడీ తీయించి రేపల్లె పాసింజర్లో పంపించాడు. మధ్యాహ్నం అక్కడి గుమస్తా యోబు, ‘పాతది దాచారా?’ అని అడుగుతోంది ఏం కొట్టాలని ఫోన్ చేశాడు. నేను మేనేజరు గదిలోనే హాజరు పట్టీలో సంతకం పెడుతున్నాను.

“డబ్బా బీరువాలో పెట్టావుగా, అవునని కొట్టవయ్యా,” అన్నాడు మేనేజరు.

బాపట్ల సంగతి నాకు తెలుసు. అయినా పెన్ను మూత పెట్టుకుని క్లాసుకు వెళ్లిపోయాను.

రేపల్లె పిల్లల మూడేళ్ల మార్కులు పోయాయి. విచారణలో డీవీడీ మీద వాసిం చేతిరాతను చూపించారు. క్షమాపణ రాసిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. నా తెలుగు బాగుంటుందని ఆ ఉత్తరం మేనేజరు నా చేతే రాయించాడు. ‘నా అజాగ్రత్త వల్ల’ అని మొదలుపెట్టాను.

వాసిం నిలబడే రెండుసార్లు చదివాడు.

“బాగా రాశారు సార్. ఈసారి ఎవరికీ వేరే అర్థం రాదు,” అని సంతకం పెట్టాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అతని పక్కన కూర్చుని ఇంకో మనిషి ప్రతి పనీ సరిచూసేవాడు.

సభలో వెంకటరాఘవయ్య చదివిన సంతాప తీర్మానం కూడా నేను రాసిందే. అందులో నలభై నిమిషాలున్నాయి. రేపల్లె లేదు.