మాస్టారు కొన్న టెస్టర్

1996లో నేను కార్ఖానా బస్తీలో ఉంటూ ఇళ్లలో కరెంటు పనులు చేసేవాణ్ని. ఒక సాయంత్రం బోయిగూడలో సుగుణ టీచర్ గారింట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చాను. ఆమె భర్త, లెక్కల మాస్టారు, పోయి ఏడాది కావస్తోంది. ఫుట్‌పాత్ మీద చవక పనిముట్లు కొని ఇంట్లో మరమ్మతులన్నీ తనే చేసుకోవడం ఆయనకు సరదా. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లుమంట. సగం చెడగొట్టాకే మమ్మల్ని పిలుస్తారు.

నేను సామాను సర్దుకుంటుంటే ఆమె వరండా లైటు వేసి, కిటికీ చువ్వ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు.

"ఈ వేళకి ఆయన వస్తారు బాబూ. చెయ్యి పట్టుకుంటారు," అన్నారు, పాఠం చెప్పినంత మామూలుగా.

"కరెంటేమో అమ్మా. జెర చెయ్యి తీయుండ్రి."

"నేనూ అలాగే అనుకున్నాను. ఆయన టెస్టర్‌తోనే చూశాను. వెలగలేదు."

టెస్టర్ అంటే కరెంటు తగిలితే పిడిలో చిన్న బల్బు వెలిగే స్క్రూడ్రైవర్. ఆమె ఇచ్చినదాన్ని చువ్వకు ఆనించాను. వెలగలేదు. ధైర్యం చేసి వేళ్ల వెనకవైపు తాకించాను. ఎవరో నా వేళ్లు పట్టుకుని మెల్లగా వణికించినట్టయింది. పదిహేనేళ్ల అనుభవం ఎటు పోయిందో, గోడ మీది మాస్టారి ఫొటో వైపు చూడటానికి భయపడ్డాను.

"మనిద్దరి కాళ్లకూ రబ్బరు చెప్పులున్నాయి కదా, అందుకే ఇంత మెల్లగా," అన్నారామె. "రేపు ఆయన పోయిన రోజు. స్నానం చేసి, చెప్పులు విప్పి నిలబడతాను. గట్టిగా పట్టుకుంటారేమో."

ఆ మాటతో నాకు తెలివొచ్చింది. మోగుతున్న రేడియో ప్లగ్ పీకి, అదే టెస్టర్ ఆ సాకెట్‌లో పెట్టాను. అక్కడా వెలగలేదు. సంచిలోంచి నాది తీసి పెడితే వెలిగింది. చువ్వకు ఆనించినా వెలిగింది.

మెయిన్ ఆపి, చువ్వల ఫ్రేముకు కొట్టిన పొడవాటి మేకు పీకాను. దాని మొన గోడలోని వరండా లైటు వైరులో దిగి, నల్లగా కాలి ఉంది.

"ఈ మేకు ఎవరు కొట్టిండ్రమ్మా?"

"ఆయనే. చువ్వలు ఊగుతున్నాయని, పోయే ముందు వారం."

మేకును నా సంచిలో పడేశాను.

సుత్తి, స్పానర్ చవకవి కొన్నా పరవాలేదు, విరిగితే కంటికి కనబడుతుంది. చవక టెస్టర్ మాత్రం కొనకండి. పాడైపోయినా అది కరెంటు లేదనే చెబుతుంది. మంచిదాన్నయినా ముందు కరెంటున్న ప్లగ్‌లో పెట్టి చూడందే నమ్మకూడదని ఎప్పుడో నేర్చుకున్నవాణ్ని, ఆ రోజు నేనే మరిచిపోయాను.

వైరు మార్చి లైటు వేశాక ఆమె చెప్పులు విప్పి చువ్వ పట్టుకున్నారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు. నేను గుమ్మం దాటుతుంటే అన్నారు.

"ఇక రారన్నమాట."