నివాల్దో వదలని తీగ

మా తమ్ముడు నివాల్దోకి భయం పుట్టుకతోనే వచ్చింది. తాళం వేసిన తలుపును మళ్లీ మళ్లీ లాగి చూస్తాడు. పొయ్యి మీద కాఫీ ఉంటే పక్కనుంచి కదలడు. భార్య పోయాక ఆ భయమంతా కూతురు లియానెత్ మీదికి మళ్లింది. అలాంటివాడికి ఆ గురువారం వచ్చింది.

హవానాలోని సంగీత పాఠశాల వాళ్లు లియానెత్ వయొలిన్‌ను వీడియో కాల్‌లో వింటామన్నారు. మధ్యాహ్నం మూడింటికి. ఇప్పుడు తప్పితే పిల్లకి వయసు దాటిపోతుంది, ఇక చేర్చుకోరు.

ఎదురు పార్కులో అందరికీ ఇచ్చే వైఫై మా ఇంట్లోకి రాదు, బాల్కనీ దాకానే. దాన్ని అందుకునే లాప్‌టాప్‌కి కెమెరా, మైకు రెండూ పాడు. అవి బాగున్నది పాత సామాన్లతో నివాల్దో కూర్చిన లినక్స్ కంప్యూటర్‌కి. దానికేమో వైఫై అందదు. అందుకని లాప్‌టాప్‌ను బాల్కనీలో పెట్టి, గదిలోకి తీగ లాగి, ఆ ఇంటర్నెట్‌నే కంప్యూటర్‌కి ఇచ్చాడు. కంప్యూటర్ వెనక తీగ వదులు. ఊడిపోకుండా వేలితో నొక్కి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

పొద్దున చూసినప్పుడు బాగానే పనిచేసింది. తీరా మూడవుతుండగా తెర మీద బొమ్మ ఆగిపోయింది.

"అక్కా, కొంప మునిగింది!"

"నోర్మూసుకోరా! పిల్ల బెదిరిపోతుంది."

ఒంటి చేత్తో ఏదేదో కొట్టి చూశాడు. "తీగలో ఏం లేదు. లాప్‌టాప్‌కే వైఫై రావట్లేదు. బయటేముందో చూడు!"

పరిగెత్తాను. చాలా రోజులకి కుళాయిలో నీళ్లొచ్చాయని వీధి వీధంతా బట్టలుతికేసింది. పై ఇంటి ఒబ్దూలియా తడి దుప్పట్లు మా బాల్కనీకి అడ్డంగా వేలాడుతున్నాయి. ఆమె కోడిపుంజు విషయంలో గొడవపడి ఏడాదిగా మాకు మాటల్లేవు. దుప్పట్ల సంగతి నివాల్దోకి అరిచి చెప్పాను.

"తడి దుప్పట్లా అక్కా? అవే అడ్డు! తీయించు!" లోపలినుంచి నివాల్దో ఏడుపు గొంతు.

సిగ్గు చంపుకుని అరిచాను. "ఒబ్దూలియా! ఆ దుప్పట్లు తీయవే తల్లీ!"

"ఏడాదికి నోరు తెరిచి అడిగేది ఇదా? నీళ్లొచ్చిన రోజు ఉతక్క ఇంకెప్పుడు ఉతకను?"

"లియానెత్‌కి పరీక్షే! వైఫై రావట్లేదు!"

"మన లియానెత్‌కా? ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

దుప్పట్లు చరచరా పైకి పోయాయి. కింద పెడితే మట్టవుతాయని చేతుల్లోనే పట్టుకుని నిలబడింది మహాతల్లి.

బొమ్మ వచ్చింది. తెర మీద ముగ్గురు ఆడవాళ్లు. లియానెత్ వాయించింది. మధ్యలో బొమ్మ ఒకసారి ఆగి కదిలింది. పాట అయ్యాక వాళ్లు గుసగుసలాడుకున్నారు.

"ఇంకొకటి వాయించు," అంది నడిమి ఆవిడ.

మంచికో చెడుకో తెలియదు. నివాల్దో తీగను ఇంకా గట్టిగా నొక్కాడు. పిల్ల కళ్లు మూసుకుని రెండోదీ వాయించింది.

"సెప్టెంబరులో వచ్చి చేరమ్మా," అని నవ్విందావిడ. "హాస్టల్లో దిండ్లు లేవు, నీది నువ్వు తెచ్చుకో."

తెర ఆరిపోయింది. నేను ఏడ్చేశాను, ఏం దాచుకోను! లియానెత్ వెళ్లి వాళ్ల నాన్న మెడ పట్టుకుంది.

"అయిందా? నా చేతులు పడిపోతున్నాయి!" పైనుంచి ఒబ్దూలియా కేక.

"అయింది! ఆరేసుకో, కాఫీకి రా!" అన్నాను. వెనక్కి తిరిగితే నివాల్దో ఇంకా నేల మీదే ఉన్నాడు, ఒక చెయ్యి కూతురి వీపు మీద, రెండో చేతి వేలు తీగ మీద.

"అయిపోయిందిరా, వదిలెయ్."

"ఇంకాసేపు ఉండనీ అక్కా," అన్నాడు. "మాట మార్చుకుంటారేమో."