అవ్వ కడిగి తెచ్చిన కుక్క

కట్టంగూర్ దగ్గర పశువైద్యుడిగా పనిచేసిన రోజుల్లో రోగాలకన్నా మర్యాదలే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టాయి. మా దిక్కు పశువుల దవాఖానకు రావడమంటే చుట్టాలింటికి పోవడమే. బర్రెనైనా కుక్కనైనా శుభ్రంగా కడిగి, వీలైతే బొట్టు పెట్టి మరీ తెస్తారు. జబ్బు ఆనవాళ్లు సగం ఆ నీళ్లతోనే కొట్టుకుపోతాయి.

ఒక ఎండాకాలం గొర్లు కాసే అవ్వ తన కుక్కను ఆటోలో తెచ్చింది. ముందు వేపనూనె వాసన దిగింది, తర్వాత కుక్క. ఒళ్లు కాలిపోతోంది, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. నాకు గోమార్ల జ్వరమేమోనని అనుమానం. చెవులు తిప్పి, వేళ్ల సందులు వెతికినా రక్తం తాగే ఆ పురుగు ఒక్కటీ దొరకలేదు. గోమార్లు ఉండేవా అని అడిగితే అవ్వకు రోషం వచ్చింది. తన కుక్కకు అలాంటివి ఉండవని మొహం తిప్పుకుంది. నాకూ చిరాకేసింది. ఎలుకల మందు తిన్నా కుక్క ఇలాగే పాలిపోతుంది. ఒక జబ్బు మందు బదులు ఇంకోదాని మందు వేస్తే కుక్క దక్కదు.

అవ్వ మంద దగ్గర ఒక్కతే పడుకుంటుందని ఆటో అతను చెప్పాడు. కుక్క మంచాన పడ్డప్పటి నుంచి తోడేళ్ల భయంతో కట్టె పట్టుకుని కూర్చుంటోందట.

చెవి కొసన సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. ఎర్రకణాల్లో జంటలు జంటలుగా, జామకాయ ఆకారంలో పరాన్నజీవులు. దొంగ దొరికినందుకు ఎగిరి గంతేయాలనిపించింది. అవ్వను పిలిచి చూపించి, ఇవి గోమారు కుడితేనే లోపలికి పోతాయని చెప్పాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"గోమార్లు ఉండె సారూ. గట్లనే తెస్తే మీరేమనుకుంటరోనని పొద్దుగాల్నే పీకి పొయ్యిల ఏసిన," అంది మెల్లగా.

నవ్వాలో తిట్టాలో తెలియక సూదిమందు వేశాను.

కొన్నాళ్లకు వాళ్ల మంద వైపు వెళ్లాను. కుక్క ఉరికివచ్చి, ప్రాణం నిలబెట్టిన నన్నే దడి దాటనివ్వకుండా మొరిగింది. భలే సంతోషమేసింది. జబ్బుపడ్డాక అది మొరగడం అదే మొదటిసారట. అవ్వ దాన్ని అదిలించలేదు. నేలమీద చతికిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇయ్యాల కంటినిండ నిద్రపోత సారూ," అంది.